అంకె చూసి బెదరకండి... గడ్డ చూసి ఊరుకోకండి!

మన అమ్మల కాలంలో ఆడవాళ్లకు తెలిసిన పరీక్షలు ఎన్ని చెప్పండి? చెయ్యి పట్టుకుని నాడి చూడడం, నాలుక బయట పెట్టమనడం, రక్తం తక్కువగా ఉందేమోనని కంటి రెప్ప కిందికి లాగి చూడడం. అంతే! ఆ తర్వాత షుగరు వచ్చింది, బీపీ వచ్చింది, థైరాయిడ్ వచ్చింది. 2020, 2021లలో కరోనా వచ్చి మరో మూడక్షరాలు మన ఇళ్లల్లోకి తెచ్చి పడేసింది. అవే సీఆర్పీ! "మా ఆయనకు నలభై ఉందట", "మా అత్తకు వంద దాటిందట" అని ఫోన్లలో చెప్పుకుంటూ ఎన్ని రాత్రులు కంటిమీద కునుకు లేకుండా గడిపామో మీకు గుర్తుండే ఉంటుంది.

కరోనా భయం తగ్గింది గానీ ఆ మూడక్షరాలు మాత్రం మనల్ని వదల్లేదు. ఇప్పుడు లేబుల వాళ్లు 'అరవై పరీక్షలు ఒకే ధరకు' అని ప్యాకేజీలు పెడుతున్నారు. ఇంటికే వచ్చి రక్తం తీసుకుపోతున్నారు. సాయంత్రానికల్లా ఫోన్లో కాగితం వచ్చేస్తుంది. అందులో ఏదైనా అంకె హద్దు దాటితే చాలు, లావుపాటి అక్షరాలతో అచ్చు వేస్తారు. చదివేవాళ్లకు గుండె దడ పుట్టకేం చేస్తుంది? మామూలు ఆడవాళ్ల సంగతే ఇలా ఉంటే, ఒకసారి రొమ్ము కేన్సర్‌కు చికిత్స చేయించుకుని బయటపడ్డవాళ్ల సంగతి వేరే చెప్పాలా?

అలాంటి మనిషి మా ఇంట్లోనే ఉంది. మా పెద్దమ్మ కూతురు, నాకు అక్క. ఉండేది తిరుమలగిరి. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు సూర్యాపేట జిల్లాలోకి వెళ్లింది గానీ, మా నోటికి ఇప్పటికీ అది నల్లగొండ జిల్లా తిరుమలగిరే! సూర్యాపేట నుంచి జనగామ వెళ్లే దారిలో వస్తుంది. అక్కావాళ్లది పత్తి, వరి పండించే ఇల్లు. నాలుగేళ్ల కిందట ఆమెకు ఎడమ రొమ్ములో గడ్డ తీశారు, చంకలో గ్రంథులు తీశారు, ఇంజెక్షన్లు ఇచ్చారు, కరెంటు పెట్టారు. (రేడియేషన్‌ను మావైపు కరెంటు పెట్టడమే అంటారు.) ఇప్పుడు రోజూ ఒక మాత్ర వేసుకుంటుంది. పొలానికి పోతుంది, మనవరాలికి జడ వేస్తుంది, అందరితో నవ్వుతూ మాట్లాడుతుంది.

అలాంటి మనిషి ఒకనాడు నాకు ఫోన్ చేసి, "చెల్లె, గీ కాయితంల సీఆర్పీ ఆరు దాటిందట. మా పిలగాడు ఫోన్ల చూసిండు. గది ఎక్కువున్నోళ్లు ఈ బీమారితోని బతకరట గదా! ఇగ నాకు మళ్లొచ్చినట్టేనా?" అంది. గొంతులో వణుకు! రెండు రోజులుగా ముద్ద దిగడం లేదట. కోడలిని పిలిచి బీరువా తాళం ఎక్కడుంటుందో కూడా చెప్పిందట!

ఆ వారం రోజులూ నేను చదివినవీ, అక్కను వెంటబెట్టుకుని వెళ్లి డాక్టరమ్మను అడిగి తెలుసుకున్నవీ ఈ వారం మీతో చెప్పుకోవాలనిపించింది. మీ ఇంట్లోనో, మీ వాడకట్టులోనో ఇలా కాగితం పట్టుకుని కుమిలిపోతున్న మనిషి ఉండొచ్చు. ఆమెకు చదివి వినిపించండి.

ముందు ఈ సీఆర్పీ అంటే ఏమిటో చూద్దాం. పూర్తి పేరు సీ-రియాక్టివ్ ప్రోటీన్. 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు డాక్టర్లు నిమోనియా రోగుల రక్తంలో దీన్ని కనిపెట్టారు. దీన్ని తయారుచేసేది మన కాలేయం. ఒంట్లో ఎక్కడైనా గాయమైనా, సూక్ష్మజీవి చొరబడినా, అక్కడి రక్షక కణాలు కాలేయానికి కబురు పంపిస్తాయి. కబురు అందగానే కాలేయం సీఆర్పీని రక్తంలోకి వదులుతుంది. ఒకటి రెండు రోజుల్లోనే అది వందల రెట్లు పెరిగిపోగలదు. కారణం తొలగిపోతే రోజుల్లోనే దిగిపోతుంది. ఇలాంటిదే ఇంకో ప్రోటీన్ ఉంది, దాని పేరు సీరమ్ అమైలాయిడ్-ఏ. అది కూడా కాలేయం నుంచి ఇలాగే వస్తుంది.

పోపు వేస్తుంటే నూనె చింది చేతిమీద పడిందనుకోండి. ఎర్రబడుతుంది, వాస్తుంది, మండుతుంది, నాలుగు రోజులకు మానిపోతుంది. దీన్నే డాక్టర్లు ఇన్‌ఫ్లమేషన్ అంటారు. ఇది శత్రువు కాదు, మన రక్షణే. అది లేకపోతే చిన్న ముల్లు గుచ్చుకున్నా మనం బతకలేం. అయితే ఇందులో ఇంకో రకం ఉంది. అది పైకి కనిపించదు. జ్వరం ఉండదు, నొప్పి ఉండదు. లోలోపల సన్నగా ఏళ్ల తరబడి సాగుతూనే ఉంటుంది. పొయ్యి ఆరిందనుకుని చెయ్యి పెడితే చురుక్కుమంటుందే, నివురు గప్పిన నిప్పు, అచ్చం అలాంటిదన్నమాట!

ఈ నిప్పుకూ కేన్సర్‌కూ సంబంధం ఉందని డాక్టర్లు అనుమానించడం ఈనాటిది కాదు. 1863లోనే జర్మనీలో విర్హౌ అనే మహానుభావుడు కేన్సర్ గడ్డల్లో తెల్లకణాలు గుమిగూడి ఉండడం గమనించాడు. 1986లో అమెరికాలో డ్వోరాక్ అనే డాక్టరు కేన్సర్ గడ్డల్ని 'మానని గాయాలు' అన్నాడు. గాయం మానడానికి మన ఒళ్లు కొత్త రక్తనాళాలు పుట్టిస్తుంది, కణాలు పెరగడానికి సంకేతాలు పంపిస్తుంది. అవే ఏర్పాట్లను కేన్సర్ కణం తన స్వార్థానికి వాడుకుంటుంది. ఇల్లు బాగుచేయడానికి తెచ్చిన ఇసుకా ఇటుకలతో దొంగ తన గది కట్టుకున్నట్టు!

రొమ్ము కేన్సర్‌లో ఇంకో చిక్కు కూడా ఉంది. ముట్లుడిగిన తర్వాత అండాశయాలు ఈస్ట్రోజెన్ హార్మోన్ తయారుచేయడం మానేస్తాయి. అప్పుడు మన ఒంట్లో ఈస్ట్రోజెన్ వచ్చేది ముఖ్యంగా కొవ్వు నుంచే. ఒళ్లు మరీ పెరిగినప్పుడు కొవ్వు కణాలు కొన్ని చచ్చిపోతుంటాయి. వాటిచుట్టూ రక్షక కణాలు చేరి ఈ నివురు నిప్పు రాజేస్తాయి. ఆ నిప్పు వల్ల కొవ్వులో ఈస్ట్రోజెన్ తయారీ ఇంకా పెరుగుతుంది. రొమ్ము కేన్సర్లలో ఎక్కువ శాతం ఈ హార్మోన్‌ను తిని పెరిగేవే!

ఇక మా అక్కను భయపెట్టిన ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. అమెరికాలో సియాటిల్ నగరంలోని హచిన్సన్ కేన్సర్ పరిశోధన కేంద్రం వాళ్లు, మరికొందరు కలిసి రొమ్ము కేన్సర్ వచ్చిన స్త్రీలమీద ఒక పెద్ద పరిశోధన చేశారు. వాళ్లలో 734 మందికి, జబ్బు బయటపడిన సుమారు రెండున్నరేళ్ల తర్వాత రక్తం తీసి, ఈ రెండు ప్రోటీన్లూ కొలిచారు. తర్వాత కొన్నేళ్లు వాళ్ల బాగోగులు చూశారు. ఫలితాలు 2009లో వచ్చాయి. అందరినీ మూడు వంతులు చేసి చూస్తే, అడుగు వంతు వాళ్లకంటే సీఆర్పీ ఎక్కువగా ఉన్న పై వంతు వాళ్లకు మరణించే ముప్పు రెండు రెట్లు పైనే కనిపించింది. సీరమ్ అమైలాయిడ్ ఎక్కువున్నవాళ్లలో అది మూడు రెట్ల దాకా ఉంది. వయసూ, జబ్బు దశా, ఒంటి బరువూ లెక్కలోకి తీసుకున్నా ఈ తేడా పోలేదు. 2011లో డెన్మార్క్ డాక్టర్లు 2,910 మంది స్త్రీలను చూసి ఇంచుమించు ఇదే మాట చెప్పారు. వాళ్లయితే జబ్బు బయటపడిన సమయంలోనే రక్తం తీశారు.

కాబట్టి ఆ మాట పుకారు కాదు, నిజమే. మరి అక్క భయం కూడా నిజమేనా? అక్కడే ఆగి ఆలోచించాలి!

మొదటి సంగతి... 'రెండు రెట్లు' అనగానే అందరూ పోతారని కాదు. ఊరికే లెక్క కోసం చెబుతున్నాను. సీఆర్పీ తక్కువున్న వందమందిలో ఐదుగురికి ముప్పు ఉందనుకోండి. రెండు రెట్లంటే వందలో పదిమంది. అంటే తొంభైమంది క్షేమంగానే ఉన్నారు కదా! ఫోన్లో వచ్చే ముక్కల్లో ఆ పదిమంది సంగతే ఉంటుంది గానీ ఈ తొంభైమంది సంగతి ఎవరూ రాయరు.

రెండో సంగతి... ఈ పరిశోధనలన్నీ వందలమందిని కలిపి చూసినవి. ఒక్క మనిషి కాగితం చూసి జాతకం చెప్పడానికి పనికిరావు. సీఆర్పీ పెరగడానికి సవాలక్ష కారణాలు! జలుబు చేసినా, మూత్రంలో మంట ఉన్నా, కీళ్లవాతం ఉన్నా, షుగరు అదుపు తప్పినా, ఒళ్లు పెరిగినా, చుట్టా బీడీ తాగినా, చిగుళ్లు వాచినా పెరుగుతుంది. ఆ ప్రోటీన్‌కు ఒంట్లో ఎక్కడో పొగ వస్తోందని చెప్పడమే తెలుసు. ఆ పొగ ఏ గదిలోంచి వస్తోందో దానికి తెలియదు.

మూడో సంగతి... సీఆర్పీయే కేన్సర్ తెప్పిస్తుందా అని కూడా డెన్మార్క్ వాళ్లే పరీక్షించారు. కొంతమందికి పుట్టుకతోనే, జన్యువుల వల్ల సీఆర్పీ కాస్త ఎక్కువగా ఉంటుంది. సీఆర్పీయే దోషి అయితే వాళ్లందరికీ కేన్సర్ ఎక్కువగా రావాలి కదా? రాలేదు! 2010లో ఈ సంగతి తేలింది. అంటే సీఆర్పీ పొగే గానీ నిప్పు కాదు. పొగను విసనకర్రతో విసిరితే నిప్పు ఆరదు కదా!

అక్కను తీసుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే ఆమె కాగితం పక్కన పెట్టి, ముందు అక్క మొహం చూసింది. "ఈ పరీక్ష ఎవరు రాశారమ్మా?" అంది. ఎవరూ రాయలేదు, ప్యాకేజీలో వచ్చింది! తర్వాత ఒక్కొక్కటే అడిగింది. ఈ మధ్య జ్వరం వచ్చిందా? ఎముకల్లో రాత్రిళ్లు కూడా తగ్గని నొప్పి ఉందా? ఆయాసం ఉందా? కారణం లేకుండా బరువు తగ్గావా? రెండో వైపు రొమ్ములోగానీ, చంకల్లోగానీ, మెడ దగ్గరగానీ గడ్డ తగిలిందా? అన్నింటికీ "లేదు మేడం" అనే అక్క జవాబు. చివరికి "నోరు తెరువు" అంది. దవడ పన్ను పుచ్చి, చిగురు ఎర్రగా వాచి ఉంది. "గది నెల నుంచి సలుపుతనే ఉంది మేడం, లవంగం పెట్టుకుంట వెళ్లదీస్తున్న!" అంది మా అక్క.

పన్ను తీయించాక, నెల ఆగి మళ్లీ చూస్తే ఆరు దాటిన అంకె నాలుగు లోపలికి వచ్చింది. పూర్తిగా మామూలైపోలేదండీ. అక్కకు షుగరుంది, నడుము చుట్టూ ఒళ్లుంది. మిగిలింది వాటి బాపతు కావచ్చునని డాక్టరమ్మ చెప్పింది. "దానికోసం ఇంకో పరీక్ష వద్దు. నడక మొదలుపెట్టు, షుగరు అదుపులో పెట్టు, హార్మోన్ మాత్ర ఒక్కరోజు కూడా మానకు" అంది. నిజానికి చికిత్స పూర్తయినవాళ్లను చూడడానికి కేన్సర్ డాక్టర్లు పాటించే పద్ధతిలో సీఆర్పీ లేనేలేదు. మొదటి మూడేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి, తర్వాత రెండేళ్లు ఆరు నెలలకో ఏడాదికో ఓసారి, ఆపైన ఏడాదికోసారి డాక్టరుకు చూపించుకోవాలి. ఏడాదికోసారి మామోగ్రామ్. అంతే! ఏ బాధా లేనప్పుడు ఊరికే రక్త పరీక్షలు చేయించుకోనక్కరలేదు.

కాగితం చదివేటప్పుడు ఇంకో చిన్న జాగ్రత్త. కొన్ని లేబులు సీఆర్పీని లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని, కొన్ని డెసిలీటరుకు ఇన్ని అని రాస్తాయి. రెంటికీ పది రెట్లు తేడా! ఒక చోట 0.6 అని ఉన్నదీ, ఇంకో చోట 6 అని ఉన్నదీ ఒకటే కావచ్చు. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని "పది రెట్లు పెరిగింది దేవుడో" అని గుండెలు బాదుకోకండి. లీటరు లెక్కన పది దాటితే సాధారణంగా ఏదో ఇన్‌ఫెక్షనో, గాయమో ఉందేమో చూస్తారు.

చంకలో గ్రంథులు తీయించుకున్నవాళ్లు మాత్రం ఒక నిప్పును అసలు ఉపేక్షించకూడదు. అది ఆ వైపు చేతిది. గ్రంథులు తీశాక ఆ చేతిలో నీరు సరిగా పారదు. చిన్న గీత పడినా చీము పట్టే ప్రమాదం ఎక్కువ. మా తిరుమలగిరి వైపు ఆడవాళ్లకు పత్తి ఏరడం తప్పదు. ఎండిన పత్తికాయ అంచులు సూదుల్లా గుచ్చుకుంటాయి. కాబట్టి ఆ చేతికి తొడుగు వేసుకోండి. గీసుకుంటే వెంటనే సబ్బుతో కడుక్కోండి. చెయ్యి ఎర్రబడి, వేడెక్కి, చలిజ్వరం వచ్చిందంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. "రేపటిదాకా సూద్దాం" అనే మాటే వద్దు.

మరి నిప్పు తగ్గించాలంటే మందు లేదా అని మీరు అడుగుతారు. డాక్టర్లూ అదే అడిగారు. ఆస్పిరిన్ ఇన్‌ఫ్లమేషన్‌ను తగ్గిస్తుంది కదా, అది వేసుకుంటే రొమ్ము కేన్సర్ తిరగబెట్టకుండా ఉంటుందేమో అని అమెరికా, కెనడాల్లో 3,020 మందిమీద పరీక్షించి చూశారు. 2024లో ఫలితం వచ్చింది. ఏ లాభమూ కనిపించలేదు! కాబట్టి మెడికల్ షాపులో నొప్పిబిళ్లలు కొని రోజూ మింగకండి. కడుపులో పుండ్లు, కిడ్నీలకు చేటు తప్ప ఒరిగేదేమీ లేదు. పసుపు సంగతీ అంతే. కూరలో వేసే చిటికెడు పసుపు మన తాతలనాటిది, దానికేం భయం లేదు. కానీ సీసాల్లో అమ్మే పసుపు మాత్రలు కొందరి కాలేయాన్ని దెబ్బతీసిన సంగతి డాక్టర్లు నమోదు చేశారు. కేన్సర్ మందులు వాడేవాళ్లు తమ డాక్టరును అడక్కుండా అలాంటివి ముట్టుకోవద్దు.

ఇక్కడ మనం గర్వపడాల్సిన ఒక మాట చెప్పాలి. 1895లో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ కంపెనీలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. అక్కడే 1940లలో మెథోట్రెక్సేట్ అనే మందు పుట్టింది. 1970లలో రొమ్ము కేన్సర్ ఆపరేషన్ తర్వాత ఇచ్చే మందుల్లో అదొకటి అయింది. అదే మందును చిన్న మోతాదులో, వారానికోసారి, కీళ్లవాతానికి కూడా ఇస్తారు! ఒకే మందు ఇటు కేన్సర్‌కూ అటు లోలోపలి వాపుకూ పనిచేయడం చూస్తే ఈ రెండూ ఒంట్లో ఎంత దగ్గరి ఇరుగుపొరుగో అర్థమవుతుంది. అయితే అది డాక్టరు చేతి మందు. పక్కింటావిడ డబ్బాలోంచి అడిగి తెచ్చుకునేది కాదు!

మనం ఇంట్లో చేయగలిగింది మన వంటింట్లోనే ఉంది. ఆ 2009 పరిశోధనలో ఉన్న స్త్రీలనే మళ్లీ చూస్తే, పీచు ఎక్కువగా తిన్నవాళ్లలో సీఆర్పీ తక్కువగా ఉందని 2011లో తేలింది. మన నల్లగొండ, పాలమూరు మెట్టప్రాంతాల్లో పీచుకేం కరువు? జొన్న రొట్టె, సజ్జ రొట్టె, కందిపప్పు, పెసలు, అనుములు, చుక్కకూర, గంగవాయిలి కూర... పాతకాలం వాళ్లు తిన్నవన్నీ అవే! రేషన్ బియ్యం వచ్చాక మూడు పూటలా తెల్లన్నమైపోయింది. రాత్రిపూటైనా ఒక రొట్టె, గిన్నెడు ఆకుకూర పప్పు పెట్టుకోండి. సజ్జపిండి చేదెక్కకుండా ఉండాలంటే వారానికి సరిపడా మాత్రమే పట్టించుకోండి. వేడినీళ్లతో కలిపితే రొట్టె విరగదు.

వారానికి నూటయాభై నిమిషాలు, అంటే వారంలో ఐదు రోజులు రోజుకో అరగంట చురుగ్గా నడవండి. "పొలంల వొంగి లేస్తనే ఉంట గదా" అని అక్కయ్యలు అంటారు. నిజమే. కానీ పంట పనులు లేని నెలల్లో టీవీ ముందు కూర్చునేవాళ్లం కూడా మనమే కదా! తంబాకు, జర్దా మానేయండి. కల్లు సంగతి చెబితే మావైపు వాళ్లకు కోపం వస్తుంది. అయినా చెప్పాలి. కల్లైనా సారా అయినా అందులో ఉండే మత్తు పదార్థం ఒకటే, అది రొమ్ము కేన్సర్ ముప్పును పెంచుతుంది. రాత్రి పడుకునేముందు పళ్లు తోముకోండి. ఇవేవీ కేన్సర్ మందులకు బదులు కావు. వాటికి తోడు మాత్రమే.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. సీఆర్పీ ఆరుందా నాలుగుందా అన్నదానికంటే, మన ఆడవాళ్ల ప్రాణాలు నిలబెట్టేదీ తీసేదీ వేరే ఒకటి ఉంది. అది ఆలస్యం! గడ్డ ఎంత ఉన్నప్పుడు వచ్చాం, చంకలోకి పాకిందా లేదా, అది ఏ రకం, చికిత్స పూర్తిగా చేయించుకున్నామా... ముందు వీటిమీదే అంతా ఆధారపడి ఉంటుంది. మా అక్క ఆరు నెలలు ఎవరికీ చెప్పలేదు. "నొప్పి లేకపాయె, పాలగడ్డనేమో అనుకున్న. పత్తి తీసుడైనంక పోదామనుకున్న" అంది. అయ్యో, నొప్పి లేకపోవడమే దాని మాయ! పన్ను సలిపితే నెల రోజుల్లో నోరు తెరిచాం. నొప్పి లేని గడ్డకు ఆరు నెలలు నోరు తెరవలేదు!

ఈ ఆలస్యం తగ్గించడానికి పెద్ద యంత్రాలు అక్కరలేదని ముంబైలో తేలింది. 1998లో మొదలుపెట్టి లక్షన్నరమంది స్త్రీలమీద టాటా ఆసుపత్రివాళ్లు పరిశోధన చేశారు. కొద్దిపాటి శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో తడిమి చూశారు. అంతే! ఇరవై ఏళ్ల తర్వాత, 2021లో లెక్క చూస్తే, యాభై దాటిన స్త్రీలలో రొమ్ము కేన్సర్ మరణాలు సుమారు ముప్పై శాతం తగ్గాయి. ఒక మనిషి చెయ్యి చేసిన పని అది!

జాతీయ కేన్సర్ నమోదు లెక్కల్లో 2012-16 మధ్య దేశంలోకెల్లా రొమ్ము కేన్సర్ ఎక్కువగా కనిపించింది మన హైదరాబాద్ జిల్లాలోనే. లక్షమంది స్త్రీలకు 48 మంది. పల్లెల్లో అంత లేకపోవచ్చు. కానీ పల్లె నుంచి ఆసుపత్రికి దూరం ఎక్కువ. అయినా ఇప్పుడు దారులు లేకపోలేదు. ముప్పై నుంచి అరవై ఐదేళ్ల ఆడవాళ్లకు ఐదేళ్లకోసారి రొమ్ము పరీక్ష చేయాలని కేంద్ర ఆరోగ్యశాఖ 2016లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. మీ ఏఎన్ఎమ్మును, ఆశా కార్యకర్తను అడగండి. అడగడానికి సిగ్గెందుకు? హైదరాబాదులో 1955 నుంచి ఉన్న ఎంఎన్‌జే ప్రభుత్వ కేన్సర్ ఆసుపత్రి ఉంది. భార్య బసవతారకంగారిని కేన్సర్‌కు పోగొట్టుకున్న ఎన్టీ రామారావుగారి సంకల్పంతో, 2000లో తలుపులు తెరిచిన ఆసుపత్రి ఉంది. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పుడు మొదటి మూడు జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ ఒకటి. 2023 డిసెంబరులో దాని హద్దు పది లక్షలకు పెంచారు. ఏ ఆసుపత్రిలో ఏ చికిత్సకు వర్తిస్తుందో ముందే ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి.

నెలకోసారి, స్నానం చేసేటప్పుడు, వేళ్ల లోపలి భాగంతో రెండు రొమ్ములూ, చంకలూ తడిమి చూసుకోండి. అద్దంలో చూసుకోండి. గడ్డ తగిలినా, చర్మం నారింజ తొక్కలా అయినా, చనుమొన లోపలికి పోయినా, రక్తంలాంటి నీరు కారినా డాక్టరుకు చూపించండి. పది గడ్డల్లో ఎక్కువ భాగం కేన్సర్ కావు. కానీ ఏది అవునో ఏది కాదో చెప్పాల్సింది మనం కాదు, సూదిపరీక్ష. అలాగే రొమ్ము ఎర్రబడి, వాచి, మందులు వాడినా తగ్గకపోతే 'సెగగడ్డలే' అని పసుపు పట్టు వేసుకుంటూ కూర్చోకండి. అలా కనిపించే కేన్సర్ కూడా ఒకటుంది. అది చాలా తొందరగా పెరుగుతుంది.

బతుకమ్మ రోజుల్లో మన వాడకట్టు ఆడవాళ్లమంతా ఒక్కచోట చేరతాం కదా. తంగేడు, గునుగు పేర్చుకుంటూ చీరల మాట, నగల మాట, కోడళ్ల మాట అన్నీ మాట్లాడుకుంటాం. ఈసారి ఆ మాటల్లో ఈ మాట కూడా కలపండి. "వదినా, చూసుకున్నవా?" అని ఒక్కరిని అడగండి. చికిత్స అయినవాళ్లుంటే "మాత్ర వేసుకుంటున్నవా అక్కా?" అని అడగండి. ప్యాకేజీ కాగితం పట్టుకుని ఏడ్చేవాళ్లుంటే పక్కన కూర్చుని డాక్టరు దగ్గరికి తోడు వెళ్లండి. మీరు అడిగిన ఆ ఒక్క మాటతో ఒక ఇంటి దీపం ఆరకుండా ఉంటే, అంతకంటే ఏం కావాలి చెప్పండి?